అంకె నిలవని దారి

చిన్నప్పుడు బడిపుస్తకంలో బట్టీపట్టిన ఎవరెస్టు ఎత్తు ఇప్పటికీ ఇంచుమించు అదే. అతి పెద్దది, అతి పొడవైనది అని ఒకసారి అచ్చయిందంటే ఆ మాట మనవల కాలం దాకా చెల్లుతుందని మనకో భరోసా. ఆ భరోసా పనిచేయని కాలిబాట ఒకటి ఐస్‌లాండ్ దక్షిణాన ఉంది. దాని పక్కన ఏ అంకె రాసుకున్నా పెన్సిల్‌తో రాసుకోవాల్సిందే. అక్కడ ఇప్పుడు బతికున్నవాళ్ల కళ్లముందే కొండలు పుట్టాయి, వాళ్ల కళ్లముందే మంచు తరిగిపోతోంది.

బాట పేరు లౌగవేగుర్. లాండ్‌మన్నలౌగర్ అనే వేడినీటి ఊటల దగ్గర మొదలై థోర్స్‌మోర్క్ లోయ దాకా సుమారు 55 కిలోమీటర్లు. అక్కడితో ఆగకుండా రెండు హిమానీనదాల నడుమ కనుమ ఎక్కి, ఆవల స్కోగర్ అనే పల్లెలో దిగితే ఇంకో 25. వెరసి 80 కిలోమీటర్ల నడక, ఐదారు రోజులు. మధ్యలో ఊరన్నది లేదు. జూన్ చివరి నుంచి సెప్టెంబరు మధ్య దాకానే నడవగలరు. చాలామంది గైడ్ వెంట బృందంగా వెళ్తారు. స్లీపింగ్ బ్యాగు, వానకోటు, తిండి వీపు మీదే ఉంటాయి. రాత్రికి 1927లో పుట్టిన ఐస్‌లాండ్ పర్యాటక సంఘం వాళ్ల కొండ వసతుల్లో, లేదంటే సొంత గుడారాల్లో తలదాచుకుంటారు.

దేశం తెలంగాణకన్నా కాస్త చిన్నది. జనాభా నాలుగు లక్షలు నిండదు, అంటే వరంగల్ నగరంలో సగం కూడా లేరు. ఆ కాస్త నేలలో పదో వంతు మంచు కిందే ఉంది, ముప్పై దాకా అగ్నిపర్వత వ్యవస్థలు ఇంకా ప్రాణంతో ఉన్నాయి. ఇన్ని విశేషాలు ఇంత చిన్న చోట ఇరుక్కుని ఉండటమే మొదటి విశేషం.

వేణ్నీళ్ల దారి

లౌగవేగుర్ అంటే వేణ్నీళ్ల దారి. చిత్రమేమంటే రాజధాని రేక్యావిక్‌లో బట్టల కొట్లు, కాఫీ హోటళ్లు బారులు తీరిన పెద్ద బజారు పేరు కూడా ఇదే. ఆ బజారు కథ వేరు. ఊళ్లో ఆడవాళ్లు మాసిన బట్టల మూటలు మోసుకుని ఊరవతల వేడి ఊటల దాకా నడిచి, ఉతుక్కుని, తడిబట్టల బరువుతో తిరిగొచ్చేవాళ్లు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో వాళ్ల నడక కోసం వేసిన రోడ్డే ఇప్పటి బజారు. చలికాలంలో అక్కడ పొద్దు నాలుగైదు గంటలకు మించి ఉండదు. ఆ చీకట్లో, ఆ మంచుగాలిలో నానిన బట్టల మూటతో ఇంటికి నడిచిన మనుషుల్ని తలుచుకున్నాక ఖరీదైన బూట్లేసుకుని సరదాకి నడిచే ట్రెక్కింగ్ గొప్పగా అనిపించదు నాకు. ఆ పేరు ముందు వాళ్లది.

ఆ దేశపు వేణ్నీళ్ల మాట ఒకటి మన ఇళ్లలోనూ ఉంది. హౌకదాలుర్ లోయలో నీళ్లను ఆకాశంలోకి ఎగజిమ్మే ఊట ఒకటుంది. దాని పేరు గేసిర్. ప్రపంచంలో ఎక్కడ అలాంటి ఊట కనిపించినా దాని పేరే పెట్టారు. అక్కణ్నుంచి ఆ మాట నీళ్లు కాచే యంత్రానికి దిగింది. పొద్దున్నే గీజర్ వేయమని మన ఇంట్లో అరిచే ప్రతిసారీ మనం పలుకుతున్నది ఐస్‌లాండ్ మాటే.

గంధకపు అల, నల్ల గాజు

లాండ్‌మన్నలౌగర్ చుట్టూ కొండలు పసుపు, ఇటుక ఎరుపు, లేత ఆకుపచ్చ, నీలం చారలతో ఉంటాయి. ఎవరో రంగుల కుండలు ఒలికించినట్టుంటాయి. అది దేశంలోకెల్లా పెద్ద రయోలైట్ ప్రాంతం. రయోలైట్ అంటే సిలికా ఎక్కువున్న లావా రాయి. దాన్ని భూమిలోంచి వచ్చే ఆవిరి ఏళ్ల తరబడి ఉడికిస్తే అందులో ఇనుము ఎర్రబడుతుంది, గంధకం పసుప్పచ్చగా పేరుకుంటుంది. ఐస్‌లాండ్ వాళ్లు పేర్లు పెట్టడంలో దాపరికం లేని మనుషులు. నీలంగా ఉన్న కొండ పేరు నీలి శిఖరం, పసుప్పచ్చగా పొగలు కక్కే కొండ పేరు గంధకపు అల. పొడుగ్గా, పలకలేనట్టుగా కనిపించే పేర్లన్నీ విప్పి చూస్తే మన సమాసాల్లాంటివే. ఎయ్యాఫ్యాట్లయోకుల్ అని రాస్తే నోరు తిరగదు, విగ్రహవాక్యం చెబితే 'దీవుల కొండల హిమానీనదం', అంతే.

మొదటి రోజు నడక 1477లో పారి గడ్డకట్టిన లావా మీదుగా మొదలవుతుంది. మన లెక్కలో చెప్పాలంటే శ్రీకృష్ణదేవరాయలు పుట్టిన కాలపు రాయి. భూగర్భశాస్త్రానికి అది నిన్నటి మాట. ఆ లావా అంచు కిందనుంచే వేడినీరు, దాని పక్కనుంచే చన్నీరు వచ్చి ఒక మడుగులో కలుస్తాయి. వేడి ఎక్కువైతే చన్నీటి వైపు, చలేస్తే వేణ్నీటి వైపు జరుగుతూ మనుషులు మెడలోతు నీళ్లలో కూర్చుని ఉంటారు.

సాయంత్రానికి చేరే చోటు పేరు హ్రప్న్‌తిన్నుస్కేర్, బాటలో అన్నిటికన్నా ఎత్తైన మజిలీ. ఎత్తు వెయ్యి మీటర్ల పైచిలుకే గానీ జులైలో కూడా మంచు మీదే నడవాలి. ఆ పేరు నల్లగాజు రాళ్ల నుంచి వచ్చింది. చిక్కటి లావా స్ఫటికం కట్టే వ్యవధి కూడా లేకుండా ఒక్కసారిగా చల్లారితే అబ్సిడియన్ అనే గాజు అవుతుంది. దారిపొడవునా ఎండ పడితే నల్లగా మెరిసే పెంకులు పరుచుకుని ఉంటాయి. విరిగిన అంచు ఉక్కుకత్తి కన్నా సన్నగా తెగుతుంది. చెయ్యి పెడితే తెగేదాకా తెలియదు. ఆ పెంకుల్ని జేబులో వేసుకోకూడదు, చూసి వదిలేయాలి. 1950లో తెరిచిన రేక్యావిక్ జాతీయ నాటకశాల గోడల పూతలో మాత్రం ఇక్కడి నల్లగాజు పొడి కలిసి ఉంది.

దగ్గర్లోనే హెక్లా అగ్నిపర్వతం ఉంది. మధ్యయుగాల్లో ఐరోపా వాళ్లు దాన్ని నరకానికి వాకిలి అనుకున్నారు. దానికి ఒక దుర్గుణం ఉంది, బాగా ఆలస్యంగా హెచ్చరిస్తుంది. మిగతా అగ్నిపర్వతాలు వారాల ముందు నుంచి నేలను కదుపుతూ ఉంటే హెక్లాకి గంటా గంటన్నర చాలు. అయినా 2000 ఫిబ్రవరి 26న శాస్త్రజ్ఞులు భూకంప యంత్రాల గీతలు చూసి, ఇంకాసేపట్లో పేలుతుందని చెబితే రేడియోలో ఆ వార్త చదివారు. చదివినట్టే పేలింది. వాన వస్తుందన్నట్టు అగ్నిపర్వతం పేలుతుందని చెప్పగలగడం, అదీ నిమిషాల లెక్కన చెప్పగలగడం మనిషి సాధించిన రికార్డుల్లో నేను ముందు వరసలో పెట్టేది.

నాలుగు రోజులు, నాలుగు గంటలు

లౌగవేగుర్ 55 కిలోమీటర్లకి మామూలు మనుషులు నాలుగు రోజులు తీసుకుంటారు. 1997 నుంచి ఏటా ఇదే దారిలో పరుగుపందెం పెడుతున్నారు. 2015లో థోర్‌బెర్గుర్ ఇంగి యోన్సన్ అనే ఐస్‌లాండ్ పరుగువీరుడు ఈ మంచునీ ఇసుకనీ ఏర్లనీ దాటి 3 గంటల 59 నిమిషాల 13 సెకన్లలో గీత దాటాడు. నాలుగు గంటలకు నిమిషం తక్కువ! అదే దారిలో ఎండాకాలం నడిమధ్యన మంచుతుఫానులో దిక్కుతెలియక, కనుచూపు మేరలో వసతి ఉండగానే ప్రాణం పోగొట్టుకున్న నడకరులూ ఉన్నారు. హ్రప్న్‌తిన్నుస్కేర్ దగ్గర దారి పక్కన అలాంటి ఒక యువకుడి గుర్తుగా రాళ్లు పేర్చి ఉంటాయి. గైడ్లు అక్కడ ఆగుతారు. గుడారాల చుట్టూ గాలికి అడ్డంగా మోకాలెత్తు రాతిగోడలు గుండ్రంగా పేర్చి ఉండటం కూడా అక్కడే కనిపిస్తుంది. ముందు వచ్చినవాళ్లు పేర్చినవి, వెనక వచ్చేవాళ్లు ఇంకో రాయి పెడతారు.

ఆపద వస్తే వెతకడానికి వచ్చేది జీతగాళ్లు కాదు. ఐస్‌లాండ్ సహాయక దళాలన్నీ స్వచ్ఛందంగా పనిచేసేవే. టీచరు, వడ్రంగి, చేపల పడవవాడు ఫోను మోగితే పని వదిలి వస్తారు. ఆ దళాలకు డబ్బు ఎక్కణ్నుంచి వస్తుందంటే, కొత్త సంవత్సరానికి ముందు వాళ్లే బాణసంచా అమ్ముతారు. ఊరంతా వాళ్ల దగ్గరే కొంటుంది. డిసెంబరు 31 రాత్రి కాల్చిన తారాజువ్వల డబ్బు జులైలో మంచులో దారి తప్పినవాణ్ని వెతికే బండికి డీజిల్ అవుతుంది. టపాకాయల గురించి ఇంతకన్నా మంచి వార్త నేను వినలేదు.

ఏరు దాటడం

రెండో రోజు మజిలీ ఆల్ఫ్టవాట్న్, అంటే హంసల చెరువు. పచ్చటి కొండల మధ్య నీలి నీళ్లు. అక్కణ్నుంచి ముందుకు వెళితే వంతెన లేని ఏర్లు అడ్డొస్తాయి. రికార్డుల పట్టికల్లోకి ఎక్కని విషయమే గానీ, వెళ్లొచ్చినవాళ్లు చాలామంది ముందుగా చెప్పేది ఇదే.

ఒడ్డున అందరూ కూర్చుని బూట్ల లేసులు విప్పుతారు. మేజోళ్లు బూట్లలో కుక్కి, లేసులు ముడేసి మెడలో వేసుకుంటారు. చెప్పుల్లాంటి పాత బూట్లేవో తొడుక్కుంటారు. తర్వాత వీపుసంచి నడుముపట్టీ, ఛాతీపట్టీ రెండూ విప్పేస్తారు. మొదటిసారి వచ్చినవాళ్లకి ఇది వింతగా ఉంటుంది. నీళ్లలోకి దిగేటప్పుడు సంచి బిగించుకోవాలి గాని వదులు చేస్తారా అని. కాలు జారితే సంచి వదిలించుకుని లేవాలి. బిగించి ఉంటే పదిహేను కిలోల బరువు మనిషిని బోర్లా పడేసి నీళ్ల కిందే పట్టి ఉంచుతుంది. అందుకని.

గైడ్ ఒడ్డు వెంట అటూ ఇటూ నడిచి చోటు వెతుకుతాడు. ఇరుకుగా, దూకితే దాటొచ్చనిపించే చోటు మంచిది కాదు, అక్కడ లోతూ వడీ ఎక్కువ. ఏరు పాయలుపాయలుగా విడిపోయి వెడల్పుగా పారేచోటే మోకాలు దాటదు. నీళ్లు పాలు కలిపిన బూడిదలా ఉంటాయి, అడుగు కనిపించదు. హిమానీనదం కిందున్న రాతిని పిండిలా రుబ్బి పంపిస్తుంది మరి. ముగ్గురు నలుగురు చేతులు పెనవేసుకుని, నీళ్లు వచ్చే వైపు ముఖం పెట్టి, కొంచెం ఎగువకి ఒరిగి పక్కకి అడుగులేస్తారు. మూడో అడుగుకి పాదాలు ఉన్నాయో లేవో తెలియదు. అవతలి ఒడ్డున తువ్వాలుతో తుడుచుకుంటుంటే రక్తం తిరిగొచ్చేటప్పుడు సూదులు గుచ్చినట్టవుతుంది. ఎవరూ మాట్లాడరు కాసేపు.

మంచు నుంచి వచ్చే ఏటికి రోజూ ఆటుపోటుంటుంది. పొద్దున్న తగ్గి ఉంటుంది, ఎండకు మంచు కరిగి మధ్యాహ్నానికి పెరుగుతుంది. అందుకే గైడ్లు పెందలాడే లేపుతారు.

గోదారికి మూడింతలు

మూడో రోజుకి పచ్చదనం పోయి నల్ల ఇసుక మైదానం వస్తుంది. ఎడమవైపు మీర్దాల్స్‌యోకుల్ అనే మంచుకప్పు, దాని కింద కాట్లా అగ్నిపర్వతం. కాట్లా చివరిసారి పెద్దగా పేలింది 1918 అక్టోబరు 12న. వందల మీటర్ల మందాన మంచు కింద నిప్పు లేస్తే ముందు వచ్చేది లావా కాదు, నీరు. కరిగిన నీరంతా ఒక్కసారిగా మంచును పగలగొట్టుకుని బయటపడుతుంది. దానికి యోకుల్‌హ్లౌప్ అని పేరు. ఏ దేశంలో జరిగినా భూగర్భశాస్త్రజ్ఞులు ఆ ఐస్‌లాండ్ మాటే వాడతారు.

1918 నాటి వరద ఉచ్చస్థితిలో సెకనుకి సుమారు 3 లక్షల ఘనపు మీటర్లు ఉండొచ్చని అంచనా. ఈ అంకె మన బుర్రకెక్కాలంటే ధవళేశ్వరం దాకా రావాలి. గోదావరికి మనకు తెలిసిన అతి పెద్ద వరద 1986 ఆగస్టు 16 నాటిది, 35 లక్షల క్యూసెక్కులు. అది ఘనపు మీటర్లలో లక్షకి కొంచెం తక్కువ. లంకలు మునిగి, గట్లు తెగి, ఇళ్ల కప్పుల మీద జనం రోజులు గడిపిన ఆ గోదావరికి మూడింతలు, మంచుదిమ్మెలూ బండరాళ్లూ కలుపుకుని, ఒక కొండ మీంచి కొన్ని గంటల్లో దిగిందన్నమాట. ఆ వేళ ఆల్ఫ్టవేర్ ప్రాంతపు రైతులు శరత్కాలం కాబట్టి కొండల మీంచి గొర్రెల్ని ఇళ్లకు తోలుకొస్తున్నారు. వెనక వినిపించిన హోరుకి గుర్రాలను దౌడు తీయించి త్రుటిలో బయటపడ్డారు.

ఆ వరద తెచ్చిపోసిన ఇసుకతో సముద్రతీరం కిలోమీటర్ల కొద్దీ ముందుకు జరిగింది. అప్పటిదాకా ప్రధాన భూభాగపు దక్షిణ కొస అన్న పేరు డిర్‌హోలాయ్ కొండది. కాట్లా ఇసుక ఆ బిరుదు లాగేసుకుంది. అప్పటినుంచి సముద్రం ఆ ఇసుక కొసను కోస్తూనే ఉంది. బిరుదు ఇచ్చింది నిప్పూ మంచూ, వెనక్కి తీసుకుంటున్నది అల.

లావా ఎంత దూరం పారింది

దారికి ఉత్తరాన ఇంకో రికార్డుంది. సుమారు 8,600 ఏళ్ల కిందట అక్కడి బీటల్లోంచి లేచిన లావా 130 కిలోమీటర్లకు పైగా పారి అట్లాంటిక్‌లో దిగింది. దాని పేరు థ్యోర్సా లావా. మంచుయుగం ముగిశాక భూమ్మీద ఒక్క విస్ఫోటంలో పారిన లావాల్లో ఇది అతి పెద్దదిగా లెక్క.

అయితే లావా పొడవు మాట వచ్చినప్పుడు ఐస్‌లాండ్ కన్నా మన రాజమండ్రి గొప్పది. గోదావరి పక్కన కాతేరు, పంగిడి, గౌరీపట్నం దగ్గర నల్లరాయి క్వారీలు చూసే ఉంటారు. మన రోడ్లకు కంకర అక్కణ్నుంచీ వస్తుంది. అది లావా రాయి, వయసు ఆరున్నర కోట్ల ఏళ్ల పైమాట. దాని రసాయనం దక్కన్ పీఠభూమి పడమటి అంచున, మహారాష్ట్ర కనుమల్లో ఉన్న లావాతో సరిపోయింది. అప్పటి నదీలోయల వెంట వెయ్యి కిలోమీటర్ల దాకా పారి బంగాళాఖాతం ఒడ్డుకు చేరి ఉంటుందని శాస్త్రజ్ఞుల నిర్ణయం. అదే నిజమైతే భూమ్మీద తెలిసిన లావా ప్రవాహాల్లో అతి పొడవైనది అదే. కంకర లారీ ఎదురైనప్పుడు ఈ సంగతి గుర్తుకొస్తే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

థోరుడి కొడుకులు

థోర్స్‌మోర్క్ అంటే పిడుగుల దేవుడు థోరుడి అడవి. బిర్చి చెట్లు మనిషెత్తు నుంచి ఇంటెత్తు దాకా ఉంటాయి. మూడు రోజులు చెట్టన్నది చూడని కళ్లకు అదే దండకారణ్యం. ఇక్కణ్నుంచి ఐదో రోజు నడక, అందరూ భయపడేదీ ఎదురుచూసేదీ. పిల్లి వెన్నులు అనే పేరున్న సన్నటి గట్ల మీద, ఆ తర్వాత గొలుసు పట్టుకుని దాటే రాతి అంచు మీద ఎక్కి ఫిమ్‌వోర్దుహాల్స్ కనుమకి చేరాలి. కుడిచేతి వైపు ఎయ్యాఫ్యాట్లయోకుల్, ఎడమచేతి వైపు మీర్దాల్స్‌యోకుల్, మధ్యలో మంచు, బూడిద, ఎర్రటి రాతిగుట్టలు రెండు.

ఆ గుట్టలు 2010 మార్చి 20కి ముందు లేవు. ఆ రాత్రి సరిగ్గా ఈ కాలిబాట పక్కన నేల నోరు తెరిచింది. చుట్టుపక్కల పల్లెల్లోంచి వందలమందిని రాత్రికి రాత్రి తరలించారు. తర్వాత జనమే ఎదురు కొండెక్కి వచ్చి లావా లోయల్లోకి జలపాతంలా దూకడం చూసి వెళ్లారు. ఏప్రిల్ 12కి చల్లారింది. పుట్టిన రెండు గుట్టలకు మాగ్ని, మోది అని థోరుడి కొడుకుల పేర్లు పెట్టారు. పురాణంలో ప్రళయం తర్వాత తండ్రి సుత్తికి వారసులుగా మిగిలేది వాళ్లిద్దరే. పెట్టినవాళ్లు ఆలోచించే పెట్టారు. చాలాకాలం దాకా అక్కడ రాళ్లు చేతికి వెచ్చగా తగిలేవి. ఇప్పుడు ట్రెక్కింగ్ చేసే పాతికేళ్ల కుర్రాడు తనకన్నా చిన్న కొండ పక్కనుంచి నడుస్తున్నాడు.

చల్లారిందని ఊపిరి పీల్చుకున్న రెండు రోజులకే, ఏప్రిల్ 14న, పక్క శిఖరం మంచు కింద అసలు పేలుడు మొదలైంది. మన పేపర్లూ టీవీలూ పలకలేక తంటాలుపడ్డ పేరు అప్పటిదే. అగ్నిపర్వతాల లెక్కలో అదేమీ పెద్ద పేలుడు కాదు. మంచునీళ్లు తగిలి లావా చిట్లి, పిండిలాంటి గాజుపొడిగా మారింది. ఆ పొడి విమానం ఇంజన్‌లోకి వెళితే ఆ వేడికి కరిగి లోపల అంటుకుంటుంది. గాలి ఐరోపా వైపు వీచింది. వారంలో లక్ష దాకా విమానాలు ఆగిపోయాయి, దాదాపు కోటిమంది ఎక్కడివాళ్లక్కడ ఇరుక్కుపోయారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఐరోపా ఆకాశం అంతగా ఖాళీ అయింది అప్పుడే. ఆ రికార్డు ఎంతో కాలం నిలవదని ఎవరనుకున్నారు? పదేళ్లకే కరోనా వచ్చి దాన్ని తుడిచేసింది.

మనవాళ్ల అడుగులు

మంచు కప్పుకున్న అగ్నిపర్వతాల్లో ఈ 1,651 మీటర్ల ఎయ్యాఫ్యాట్లయోకుల్ పొట్టిది. పొడవైనవాటి మీద తెలుగువాళ్ల అడుగులున్నాయి. ఆఫ్రికాలోకెల్లా ఎత్తైన కిలిమంజారో, ఐరోపాలోకెల్లా ఎత్తైన ఎల్బ్రస్, రెండూ అగ్నిపర్వతాలే. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చి, 2014లో 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ ఆ రెంటినీ ఎక్కింది. 2022లో ఏడు ఖండాల శిఖరాలూ పూర్తిచేసింది. ఆమె చూసిన కిలిమంజారో మంచు నూరేళ్ల కిందటి దాంట్లో ఐదో వంతు కూడా లేదు.

నెల్లూరు జిల్లా సంగం దగ్గర గాంధీజనసంఘం ఊరివాడు మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల శిఖరాలను 172 రోజుల్లో ఎక్కి గిన్నిస్ కెక్కాడు. కోరుకొండ సైనిక్ స్కూలు, జంషెడ్‌పూర్, ఖరగ్‌పూర్, కలకత్తా ఐఐఎం చదువులన్నీ చదివి, ఉద్యోగం వదిలి కొండలు పట్టుకున్నవాడు. 2015 మార్చిలో ఆండీస్‌లో చిలీ, అర్జెంటీనా సరిహద్దున ఒంటరిగా ఎక్కుతూ తుఫానులో చిక్కుకుని చనిపోయాడు. ఆ కొండ సెర్రో ట్రెస్ క్రూసెస్, 6,748 మీటర్ల అగ్నిపర్వతం. ప్రపంచంలోకెల్లా ఎత్తైన అగ్నిపర్వతం ఓహోస్ దెల్ సలాదో, 6,893 మీటర్లు, దానికి పొరుగుదే. ఏప్రిల్ మొదటివారంలో ఆయన్ని వెతికి పట్టుకున్నారు, నెలాఖరుకి సొంతూరికి తీసుకొచ్చారు. గ్లేసియర్, వాల్కేనో అన్న మాటలు నెల్లూరు పల్లెల్లో ఇళ్లలో మాట్లాడుకునేలా చేసింది ఆయన చావే.

తగ్గిన ఎత్తు, ఎండిన వంతెన, పోయిన పేరు

ఫిమ్‌వోర్దుహాల్స్ కనుమకి తూర్పున, మీర్దాల్స్‌యోకుల్ ఆవల, వాట్నయోకుల్ ఉంది. ఘనపరిమాణంలో ఐరోపాలోకెల్లా పెద్ద మంచుకప్పుగా దాన్ని చెబుతారు. దాని అంచున దేశపు అత్యున్నత శిఖరం హ్వన్నదాల్స్‌నూకుర్ ఉంది. గైడ్లు తాడుతో అందర్నీ వరసగా కట్టి, పొద్దు పొడవకముందే బయల్దేరదీసి పది పన్నెండు గంటలు మంచుపగుళ్ల మధ్య నడిపిస్తారు. ఐస్‌లాండ్ పిల్లలు తరాల తరబడి దాని ఎత్తు 2,119 మీటర్లని చదువుకున్నారు. 2005లో మళ్లీ కొలిస్తే 2,110 మీటర్లకు కాస్త తక్కువ వచ్చింది. పుస్తకాలు మార్చారు.

అదే మంచుకప్పు దక్షిణాన దేశంలోకెల్లా పొడవైన వంతెన ఉండేది. స్కేయదారా నది మీద 880 మీటర్లు, 1974లో కట్టారు. 1996 నవంబరు 5న మంచు కింది వరద సెకనుకు 50 వేల ఘనపు మీటర్ల దాకా వచ్చి కొంతభాగాన్ని ఎత్తుకుపోయింది. మెలితిరిగిన ఉక్కు దూలాలు రోడ్డు పక్కన ఇప్పటికీ ఉన్నాయి. వంతెన బాగుచేశారు. ఆ తర్వాత 2009లో హిమానీనదం వెనక్కి జరిగేసరికి నదే దారి మార్చుకుని పక్క నదిలో కలిసిపోయింది. నది పోయింది, వంతెన మిగిలింది. ఇప్పుడు వాహనాలు దాని పక్కన పొట్టి వంతెన మీంచి పోతుంటే ఆ పొడవాటిది ఎండిన ఇసుక మీద నిలబడి ఉంది.

పశ్చిమాన ఓక్ అనే అగ్నిపర్వతం ఉంది, దాని నెత్తిన ఓక్‌యోకుల్ ఉండేది. మంచున్నంత మాత్రాన హిమానీనదం కాదు, తన బరువుకు తానే కదలాలి. మందం తగ్గి కదలిక ఆగితే అది మంచుముద్దే. 2014లో హిమశాస్త్రజ్ఞుడు ఓద్దుర్ సిగుర్ద్‌సన్ దీన్ని హిమానీనదాల జాబితాలోంచి తీసేశారు. పేరులోంచి 'యోకుల్' రాలిపోయి ఓక్ మిగిలింది. 2019 ఆగస్టులో జనం కొండెక్కి అక్కడ ఒక లోహపు ఫలకం పెట్టారు. దాని మీద మాటలు రచయిత ఆంద్రి స్నయిర్ మాగ్నసన్‌వి, భవిష్యత్తుకి రాసిన ఉత్తరం. అడుగున ఆ ఏటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ మోతాదు కూడా చెక్కారు, పదిలక్షలకు 415 పాళ్లు. అదీ ఇప్పుడు పాత అంకే.

స్కోగర్ దాకా

కనుమ దిగుతుంటే స్కోగా ఏరు వెంట వస్తుంది. పాతిక దాకా జలపాతాలు వరసగా, దేనికది పెద్దదే. చివరిది స్కోగాఫాస్, 60 మీటర్ల ఎత్తు, 25 మీటర్ల వెడల్పు. ఒకప్పుడు సముద్రం ఈ కొండగోడను తాకేది, ఇప్పుడది ఐదు కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆ నీటితెర వెనక తొలికాలపు థ్రాసి అనే ఆసామి బంగారు పెట్టె దాచాడట. ఎవరో తాడు కట్టి లాగితే పెట్టె రాలేదు గాని దాని కడియం ఊడొచ్చిందంటారు. ఆ కడియమే అని చెప్పేది ఊళ్లో మ్యూజియంలో ఉంది. 1949లో ఆ మ్యూజియం పెట్టిన థోర్దుర్ తోమాసన్ తొంభై ఏళ్లు దాటేదాకా దాన్ని నడిపి, 2022లో నూరేళ్ల వయసులో కన్నుమూశాడు.

స్కోగర్ నుంచి తూర్పుకి కాస్త దూరంలో సోల్‌హేమయోకుల్ ఉంది, మీర్దాల్స్‌యోకుల్ నుంచి దిగిన మంచు నాలుక. ట్రెక్కింగ్ ముగించినవాళ్లు చాలామంది ఇక్కడ బూట్లకు క్రాంపాన్లు అనే ముళ్ల పట్టీలు కట్టుకుని మంచు మీద ఒక పూట నడిచి ఇళ్లకు వెళ్తారు. బండ్లు ఆగేచోటు నుంచి మంచు దాకా వెళ్లే దారిలో ఒక పలక ఉంటుంది. హ్వోల్స్‌వోట్లుర్ ఊరి బడిపిల్లలు 2010 నుంచి ప్రతి శరత్కాలం ఇక్కడికి వచ్చి మంచు ఎంత వెనక్కి జరిగిందో కొలుస్తున్నారు. మొదట్లో మంచు ముందు నేల ఉండేది. ఇప్పుడక్కడ లోతైన సరస్సు. ఏటా ఏడో తరగతి పిల్లలు మారతారు, పాతవాళ్లు పై తరగతికి పోతారు. కొత్తవాళ్లు కొలిచి, ఆ ఏడాది మీటర్లు పలక మీద రాసి, బస్సెక్కుతారు.